సాలింబెనె ఇంటి జాడ: పార్మా చుట్టుపక్కల ఏడు రోజులు

మొదటి రోజు, అక్టోబరు 8

మిలాన్‌లో ఉదయం బయలుదేరిన రైలు పియాచెన్జా దాటాక దారంతా చదునుగా, పొలాల మధ్యగా సాగింది. క్రీ.పూ. 187లో రోమన్ కాన్సల్ మార్కస్ ఎమీలియస్ లెపిదస్ వేయించిన రాదారి ఇప్పటికీ ఈ ఊళ్లను దండలో పూసల్లా కలుపుతూనే ఉంది. ఆ దారి పేరు మీదనే ఈ సీమను ఎమీలియా అంటారు. మధ్యలో ఫిదెంజా స్టేషను వచ్చింది. 1927 వరకు ఆ ఊరి పేరు బోర్గో సాన్ దొన్నీనో. నేను వెతుక్కుంటూ వచ్చిన మనిషి ఆ ఊరి రక్షక పునీతుడైన దొమ్నీనో పండుగ నాడు, 1221 అక్టోబరు 9న, పార్మాలో పుట్టాడు. ఆ తేదీకి అక్కడ ఉండాలనే ప్రయాణం ఈ వారానికి పెట్టుకున్నాను.

ఆయన పేరు సాలింబెనె. పార్మా నగరంలో ఆదాము కుటుంబం వాడు, ఫ్రాన్సిస్కన్ సన్యాసి. అసిసీ పునీతుడు ఫ్రాన్సిస్ స్థాపించిన ఈ సభ వారు తమను ‘చిన్న సోదరులు’ అని పిలుచుకుంటారు. ఒకే మఠం గోడల మధ్య జీవితమంతా గడిపే సన్యాసుల్లా కాక, ఊరూరా తిరిగి బోధిస్తూ, భిక్ష మీద బతికేవారు. నలభై ఏళ్లకు పైగా అలా తిరిగిన సాలింబెనె, అరవై దాటాక కూర్చుని లాటిన్‌లో ఒక పెద్ద చరిత్ర రాశాడు. అందులో పోపులూ చక్రవర్తులూ ఉన్నారు, ఫ్రాన్సు రాజు ఉన్నాడు. కాని పేజీలు తిప్పేకొద్దీ మళ్లీ మళ్లీ ఎదురయ్యేది పార్మా. ఏ వంశం వారి ఇల్లు ఏ గుడి పక్కన ఉండేది, ఎవరు ఎవరి మీద కత్తి దూశారు, ఏ ఏడు ఏ కట్టడం లేచింది, ఏ పెద్దమనిషి పాలన చేతగాక తిట్లు తిన్నాడు అన్నవన్నీ ఆయనకు కంఠోపాఠం. మన వైపు రుద్రమదేవి ఓరుగల్లును ఏలుతున్న కాలంలోనే ఈయన ఇక్కడ కలం పట్టుకుని కూర్చున్నాడు. కరణాలు రాసి పెట్టిన కైఫియతుల్లో మా ఊరి సంగతులు చదివిన నాటి నుంచి, ఒక ఊరి కథను ఊరివాడే రాస్తే అది ఎలా ఉంటుందన్న ఆసక్తి నాకు పట్టుకుంది. ఆ ఆసక్తే ఇంత దూరం తెచ్చింది.

రెండో రోజు, అక్టోబరు 9

తెల్లవారగానే కేథడ్రల్ కూడలికి వెళ్లాను. ఒక పక్క 1106లో ప్రతిష్ఠ జరిగిన కేథడ్రల్, ఎదురుగా బిషప్పు భవనం, వాటికి దక్షిణంగా ఎనిమిది పలకలుగా ఆకాశంలోకి లేచిన జ్ఞానస్నాన మందిరం. వెరోనా నుంచి తెచ్చిన గులాబి రంగు పాలరాతితో కట్టారు దాన్ని. ఉదయపు ఎండ ఇంకా నేల దాకా దిగలేదు. పై అంతస్తుల రాయి మాత్రం లేత ఎరుపుగా వెలుగుతున్నది. ఉత్తర ద్వారం మీద లాటిన్‌లో ఒక శాసనం ఉంది: 1200లో నుంచి రెండు రెళ్లు తీసేస్తే వచ్చే ఏట శిల్పి బెనెదిక్త్ ఈ పని మొదలుపెట్టాడు అని దాని భావం. అంటే 1196. తేదీని పొడుపుకథలా చెక్కిన ఆ శిల్పి బెనెదెత్తో అంతెలామి.

లోపలికి వెళితే బయటి ఎనిమిది పలకలు పదహారవుతాయి. పదహారు నరాలు గోడల నుంచి బయలుదేరి నడినెత్తిన కలుసుకుంటాయి, వాటి మధ్య 13వ శతాబ్దపు చిత్రాలు వరుసలు వరుసలుగా గొడుగు కింది బట్టలా పరుచుకుని ఉన్నాయి. మధ్యలో జ్ఞానస్నానపు తొట్టి ఉంది. గోడల వెంట అంతెలామి పన్నెండు నెలలకూ శిల్పాలు చెక్కాడు. ఒకడు కొడవలితో గోధుమ కోస్తున్నాడు, ఒకడు ద్రాక్ష గుత్తులు తెంపుతున్నాడు. కోత కోసే మనిషి నడుము వంపు దగ్గర చాలా సేపు నిలబడ్డాను. ఆ వంపును ఎక్కడైనా గుర్తుపట్టవచ్చు. మా డెల్టాలో కోతల రోజుల్లో అలాంటి నడుములే వరుసగా కనిపించేవి.

సాలింబెనెకు ఈ కట్టడం కేవలం గుడి కాదు. ఈ మందిరం కట్టడానికి చోటు కావాలని ఆయన బంధువుల ఇళ్లు పడగొట్టారు. ఇళ్లు పోయిన ఆ చుట్టాలు బొలోన్యాకు వెళ్లి అక్కడి పౌరులయ్యారు. తండ్రి గ్విదో ఇల్లు మాత్రం పక్కనే మిగిలింది. ఈ మందిరం పునాదిలో గుర్తుగా తాను కూడా రాళ్లు వేశానని ఆ తండ్రి చెప్పుకునేవాడు. పసివాడికి జ్ఞానస్నాన తండ్రిగా నిలిచినవాడు పవిత్రభూమి నుంచి వచ్చిన సీదోను ప్రభువు బలియాన్, అందుకే ఆ పేరే పెట్టారు. ఇంట్లో మాత్రం ‘ఓన్యిబెనె’ అని పిలుచుకునేవారు.

1222 క్రిస్మస్ రోజున ఉత్తర ఇటలీలో పెద్ద భూకంపం వచ్చింది. అప్పటికి పిల్లవాడికి పద్నాలుగు నెలలు. మందిరం కూలి తమ ఇంటి మీద పడుతుందని భయపడ్డ తల్లి ఇమెల్దా, ఇద్దరు ఆడపిల్లలను చంకన వేసుకుని పుట్టింటికి పరుగెత్తింది. కొడుకు ఊయలలోనే ఉండిపోయాడు. ఈ సంగతి తల్లే తరువాత అతనికి చెప్పింది. అది విన్నప్పటి నుంచి తల్లి మీద తనకు అంత ప్రేమ లేకపోయిందని, ఆడపిల్లల కన్నా మగపిల్లవాడిని ముందు చూసుకోవలసిందని ఆయన ముసలితనంలో కూడా రాసుకున్నాడు. ఆ పిల్లలు ఎత్తుకోవడానికి తేలిక అని తల్లి సమాధానం చెప్పిందట. ఆ మాట నమ్మదగినదే అనిపిస్తుంది. ఒక ఆడది ఒక్క ఊపిరిలో ఎంత మోయగలదో అంతే మోస్తుంది. కాని ఆరు దశాబ్దాలు గడిచినా ఆ ఊయలను మరిచిపోలేని మనిషి మీద కూడా నాకు కోపం రాలేదు.

మందిరం చుట్టూ మూడుసార్లు తిరిగాను. ఇల్లు ఉండి ఉండవలసిన పక్కన ఇప్పుడు రాళ్లు పరిచిన నేల, దాని అవతల సన్నని వీధి. గోడకూ వీధికీ మధ్య అడుగులు లెక్కపెట్టాను. భయపడ్డ తల్లిని తప్పు పట్టడానికి వీల్లేనంత దగ్గర.

మూడో రోజు, అక్టోబరు 10

బిషప్పు భవనం గోడ కింద ఈ ఉదయం మొదలైంది. 1233ను సాలింబెనె ‘అల్లెలూయా’ ఏడాది అంటాడు. ఆ ఏడు యుద్ధాలు మానేసి జనమంతా, పిల్లలూ ముసలివాళ్లూ, పల్లెవాళ్లూ పట్నంవాళ్లూ, కొమ్మలూ వెలిగించిన కొవ్వొత్తులూ పట్టుకుని పాడుకుంటూ ఊరేగారు. అప్పుడు పార్మాకు బెనెదిక్త్ అనే సాదాసీదా మనిషి వచ్చాడు. పొడవాటి నల్ల గడ్డం, నల్లటి అంగీ, దాని మీద ముందూ వెనుకా పెద్ద ఎర్రని శిలువ, చేతిలో ఇత్తడి బూర. బూర ఊది, వాడుక భాషలో తండ్రికీ కుమారునికీ పవిత్రాత్మకూ స్తుతి చెప్పేవాడు. పిల్లలు గొంతెత్తి అదే మాట తిరిగి అనేవారు. అప్పటికి ఇంకా కడుతూ ఉన్న బిషప్పు భవనం గోడ మీద నిలబడి తాను ఇదంతా ఎన్నోసార్లు చూశానని సాలింబెనె రాశాడు. పన్నెండేళ్ల పిల్లవాడు గోడెక్కడంలో వింత లేదు. ఆ బూర ఏ లోహంతో చేసినదో, శిలువ ఏ రంగో యాభై ఏళ్లకు కూడా చెదరకుండా చెప్పగలగడమే వింత.

మధ్యాహ్నం సాన్ ఫ్రాంచెస్కో దెల్ ప్రాతో గుడికి వెళ్లాను. పార్మాలో ఫ్రాన్సిస్కన్ల పాత గుడి ఇది. నెపోలియన్ కాలం నుంచి 20వ శతాబ్దం చివరి దాకా దీన్ని జైలుగా వాడారు. ముఖభాగంలో కిటికీలు కూడా కొట్టారు. ఈ మధ్యనే బాగుచేసి మళ్లీ తెరిచారు.

సాలింబెనె సభలో చేరింది 1238 ఫిబ్రవరి 4 సాయంత్రం; వయసు పదహారు. పోపు పని మీద చక్రవర్తి దగ్గరికి వెళుతూ పార్మాలో ఆగిన సభ అధిపతి ఎలియా అతన్ని చేర్చుకున్నాడు. ఆ రాత్రి మంట ముందు మెత్తని పరుపు మీద కూర్చున్న ఎలియా, నగర పాలకుడు పరివారంతో వచ్చినా లేచి నిలబడలేదని, అది మర్యాద కాదని కొత్తగా చేరిన ఆ కుర్రవాడు గమనించి పెట్టుకున్నాడు. మొదటి రాత్రి మంచి భోజనం పెట్టారు. తరువాత వంతుగా క్యాబేజీ మొదలైంది. ఇంట్లో ఉన్నప్పుడు క్యాబేజీ అంటే ఎంత అసహ్యమంటే దానితో ఉడికిన మాంసం కూడా ముట్టేవాడు కాదు. ఇక జీవితమంతా అదే తినవలసి వచ్చింది. సన్యాసం అంటే పెద్ద పెద్ద మాటలు వినే మనకు, ఆయన చెప్పిన ఈ క్యాబేజీ సంగతే త్యాగమంటే ఏమిటో దగ్గరగా చూపిస్తుంది.

గుడి చివరి బల్ల మీద కూర్చుని ఇవి కాగితం మీద పెట్టుకుంటూ ఉంటే, పక్క వరుసలో ప్రార్థన ముగించుకున్న ఒక సిస్టర్ నా కాగితం వైపు చూసి ఆగిపోయారు.

“తెలుగా అండీ అది? ఏ ఊరు మీది?”

ఆమెది గుంటూరు వైపు పల్లె. ఇక్కడ వృద్ధుల ఆశ్రమంలో సేవ చేస్తున్నారు, వచ్చి పందొమ్మిదేళ్లయింది. సాలింబెనె పేరు ఆమె వినలేదు. కథ చెప్పాను: అన్న గ్విదో కూడా, పెళ్లై కూతురు పుట్టాక, ఇదే సభలో చేరాడు, అతని భార్య అదెలాసియా కూతురు ఆన్యెస్‌తో కలిసి పార్మాలోని క్లారా సభ (ఫ్రాన్సిస్కన్ స్త్రీల సభ) మఠంలో చేరింది, తండ్రికి వారసులు లేకుండా పోయారు. “మా అన్నా నేనూ సన్యాసంలో చేరి, మగ ఆడ సంతానపు ఆశ ఏదీ లేకుండా మా ఇంటిని నాశనం చేశాం, పరలోకంలో కట్టుకోవడానికి” అనే అర్థం వచ్చే మాట ఆయన రాశాడని చెప్పినప్పుడు ఆమె కాసేపు మాట్లాడలేదు.

“మా నాన్నగారికి నేనూ మా అక్కా ఇద్దరమేనండీ,” అన్నారు చివరికి. “అక్క కూడా మఠంలోనే ఉంది. ఇంటి పేరు ఇప్పుడు ఆధార్ కార్డుల మీదే మిగిలింది. నాన్న ఏమీ అనలేదు కానీ, సాగనంపడానికి స్టేషనుకు రాలేదు.”

సాలింబెనె తండ్రి వచ్చాడు. ఆ కథ జరిగిన చోటికే రేపు.

నాలుగో రోజు, అక్టోబరు 11

బొలోన్యా, రిమినీ మీదుగా ఫానోకు దాదాపు మూడు గంటల ప్రయాణం. ఆద్రియాటిక్ ఒడ్డున చిన్న పట్నం. అగస్టస్ పేరున నిలిచిన రోమన్ ద్వారం, పైకప్పు లేని సాన్ ఫ్రాంచెస్కో గుడి, దాని వసారాలో మాలతెస్తా ప్రభువుల సమాధులు చూసి తిన్నగా సముద్రం దగ్గరికి నడిచాను. గుడి సాలింబెనె నాటిది కాదు. సముద్రం మాత్రం అదే.

కొడుకును ఇప్పించమని తండ్రి గ్విదో, చక్రవర్తి రెండో ఫ్రెడరిక్ దగ్గరికి వెళ్లి మొరపెట్టుకున్నాడు. చక్రవర్తి రాసిన ఉత్తరం ఎలియాకు చేరింది. కుర్రవాడు తానుగా వస్తానంటే పంపండి, లేకుంటే వద్దు అని ఎలియా ఫానో మఠానికి రాశాడు. తండ్రి గుర్రాల మీద పరివారంతో వచ్చాడు. అందరి ముందూ ఉత్తరం చదివారు. నాగలి మీద చెయ్యి వేసి వెనక్కి చూసేవాడు దైవరాజ్యానికి తగడని, తల్లినైనా తండ్రినైనా తన కంటె ఎక్కువగా ప్రేమించేవాడు తనకు పాత్రుడు కాడని సువార్తలోని మాటలు చెప్పి పిల్లవాడు రానన్నాడు. అంగీల్లో ఉచ్చ పోసుకునే వీళ్ల మాటలు నమ్మకు, వచ్చేయి, నాకున్నదంతా నీకిస్తానని తండ్రి ఏకాంతంలో బతిమాలాడు. అయినా కదలలేదు. అప్పుడు ఆ పెద్దమనిషి, పార్మాలో గౌరవం గల మనిషి, సన్యాసులూ పరివారమూ చూస్తుండగా నేల మీద పడిపోయి, నిన్నూ నీ అన్ననూ వెయ్యి దయ్యాలకు అప్పగిస్తున్నాను, నా శాపం మీకు శాశ్వతంగా అంటుకుంటుంది అని అరిచాడు.

ఆ రాత్రి కలలో మరియతల్లి బాలయేసును తన చేతులకు ఇచ్చి ఎత్తుకోమన్నదని సాలింబెనె రాసుకున్నాడు. ఊయలలో వదిలేసిన తల్లి, దూరమైన తండ్రి, ఆ కల. వాటిని నేను వేరువేరుగా చదవలేను. తండ్రి అంకోనా సముద్రపు దొంగలతో ఎత్తుకుపోయే ఏర్పాటు చేస్తాడన్న భయంతో అతన్ని యేసి పట్నానికి మార్చారు. అక్కడి నుంచి టస్కనీకి వెళ్లే దారిలో, చిత్తా ది కాస్తెల్లో దగ్గర, ఫ్రాన్సిస్ చివరిగా సభలో చేర్చుకున్న ఒక వృద్ధ సోదరుడు తారసపడి, ఓన్యిబెనె అంటే అంతా మంచి, దేవుడు తప్ప అంతా మంచివాడు ఎవరూ లేరు, నువ్వు సభలోకి ‘బాగా దూకావు’ కనుక నీ పేరు సాలింబెనె అని పేరు మార్చాడు. ఇల్లు పెట్టిన పేరు అలా ఇంటి వెంటే పోయింది.

తిరుగు రైలులో ఆయన ఫ్రాన్సు ప్రయాణం గురించి చదువుకున్నాను. 1248లో సాన్స్ పట్నంలో సభా సమావేశానికి శిలువ యుద్ధానికి వెళుతున్న తొమ్మిదో లూయీ రాజు వచ్చాడు. రాజు సన్నగా, బక్కగా, దేవదూతలాంటి ముఖంతో, యాత్రికుడిలా కాలినడకన వచ్చాడని చెప్పి, ఆ తరువాత ఆ పూట భోజనం సాలింబెనె వరుసగా రాస్తాడు: ముందు చెర్రీ పళ్లు, తెల్లటి రొట్టె, పాలలో ఉడికించిన లేత చిక్కుడు గింజలు, చేపలు, పీతలు, పిండిలో పెట్టి కాల్చిన మలుగు చేపలు, బాదంపాలతో వండి దాల్చినచెక్క పొడి చల్లిన అన్నం. ఆ చివరి వంటకం దగ్గర నాకు ఆకలి వేసిన మాట నిజం. తార్తారుల (మంగోలుల) రాజ్యం చూసి వచ్చిన జొవాన్ని ద పియాన్ దెల్ కార్పినెను కూడా ఆయన ఆ రోజుల్లోనే కలుసుకున్నాడు. ఎక్కడ ఉన్నా ఆ కళ్లు అలాగే చూశాయి, ఆ చెవులు అలాగే విన్నాయి.

అయిదో రోజు, అక్టోబరు 12

ఈ రోజంతా ముట్టడికే ఇచ్చాను.

1247 జూన్‌లో, పోపు పక్షం వారైన పార్మా ప్రవాసులు తమ ఊరిని చక్రవర్తి మనుషుల చేతుల్లో నుంచి లాక్కున్నారు. ఫ్రెడరిక్ సైన్యంతో వచ్చి చుట్టుముట్టి, ఊరికి పడమర ఒక కొత్త పట్నమే కట్టి దానికి ‘విజయం’ అనే అర్థంలో విక్తోరియా అని పేరు పెట్టాడు. పార్మాను కూల్చి ఆ పట్నాన్ని నిలబెట్టాలని ఆలోచన. పట్టుబడ్డ పార్మా వారిని ఊరివాళ్లు చూస్తుండగా ఉదయం పూట నది గులకరాళ్ల మీద తలలు నరికించేవాడు. 1248 ఫిబ్రవరి 18న చక్రవర్తి డేగలతో వేటకు వెళ్లిన సమయం చూసి, ఊరివాళ్లు ఆడవాళ్లతో సహా బయటికి వచ్చి విక్తోరియాను తగలబెట్టేశారు. చక్రవర్తి మంత్రి తద్దెయో ద సెస్సా హతుడయ్యాడు, క్రెమోనా వారి యుద్ధరథం చిక్కింది, ఖజానా చిక్కింది.

ఖజానాలో కిరీటం కూడా ఉంది. అది ఊళ్లో పొట్టిగా ఉన్నందుకు ‘కురచ అడుగు’ అని పిలిచే ఒక చిన్న మనిషికి దొరికింది. చేతిలో పెట్టుకుని, డేగను మోసినట్టు మోసుకుంటూ ఊరంతా చూపించాడు. పురపాలకులు అతనికి రెండు వందల పౌండ్లూ సాంతా క్రిస్తీనా గుడి దగ్గర ఒక ఇల్లూ ఇచ్చి దాన్ని తీసుకున్నారు. తరువాత దాన్ని కేథడ్రల్ భాండాగారంలో తాను చేతిలోకి తీసుకుని చూశానని, తల మీద పెట్టుకోవడానికి కాక గొప్ప కోసం చేసినది కనుక కుండంత పెద్దగా ఉందని సాలింబెనె రాశాడు. ముట్టడిలో ఊరిని కాపాడమని ఊరి సంపన్న స్త్రీలు పార్మా నమూనానే వెండితో చేయించి మరియతల్లికి సమర్పించారు. కేథడ్రల్, జ్ఞానస్నాన మందిరం, బిషప్పు భవనం అందులో ఉన్నాయి. దాన్నీ ఆయన చూశాడు. కేథడ్రల్‌లో ఈ ఉదయం పైకి చూస్తే కొర్రెజ్జో చిత్రించిన మరియ స్వర్గారోహణం గిర్రున తిరుగుతూ కనిపిస్తుంది, అందరూ దాన్నే చూస్తున్నారు. నేను బలిపీఠం ముందు నిలబడి, అరచేతి మీద పట్టేంత వెండి పార్మా ఎలా ఉండి ఉంటుందో ఊహించుకుంటూ ఉండిపోయాను.

ఇక్కడ ఒక మాట ఆగి చెప్పాలి. ఊరు గెలిచిన ఆ ఫిబ్రవరి రోజున సాలింబెనె ఊళ్లో లేడు. ముట్టడి మధ్యలో బయలుదేరి, 1247 నవంబరు 1న లియోన్ చేరాడు. అక్కడ ఉన్న పోపు నాలుగో ఇన్నొసెంట్ పార్మా నుంచి వచ్చిన మనిషి కదా అని ఆదుర్దాగా కబురు అడిగాడు. ఆ తరువాత ఫ్రాన్సులో ఉన్నాడు. తన ఊరి జీవితంలోకెల్లా గొప్ప రోజు ఆయనకు చెవిన పడ్డదే గాని కంట పడలేదు. అందుకే కాబోలు, ఆ కిరీటాన్ని చేత్తో ముట్టుకున్న సంగతి అంత పట్టుదలగా చెబుతాడు.

మధ్యాహ్నం పడమటి పొలాల వైపు నడిచాను. విక్తోరియా గుర్తు చెప్పే గోడ ఒక్కటి లేదు. దున్నిన నేల, కాలువ, దూరంగా పశువుల కొట్టాలు. యుద్ధాల ఏళ్లలో ఈ చుట్టుపక్కల దున్నడానికీ కోయడానికీ వీలుండేది కాదని, కాపలాతో నగరం గోడల దగ్గర మాత్రమే సేద్యం చేసేవారని, మనుషులు లేని పొలాల్లో అడవి పక్షులు పెరిగిపోయాయని, తోడేళ్లు రాత్రిళ్లు ఊళ్లలోకి దిగి వసారాల కింద నిద్రపోయేవాళ్లను తినేవని ఆయన రాశాడు. రాజులు గెలిచారు, ఓడారు అని రాసినవాళ్లు ఎందరో ఉన్నారు. తోడేళ్లను రాసిన ఈ వాక్యాల కోసమే ఆయనను నేను చరిత్రకారుడంటాను.

సాయంత్రం గరిబాల్ది కూడలిలో సాన్ పియెత్రో గుడి ముందు ఆగాను. 1279లో క్రెమోనాలో అల్బెర్తో అనే ద్రాక్షసారా మోసే కూలీ చనిపోయి మహిమలు చేస్తున్నాడని పుకారు పుడితే, పార్మాలోని ద్రాక్షసారా మోసేవాళ్లంతా ఈ సాన్ పియెత్రోలో చేరి పండుగ చేశారు. అతని కాలి చిటికెన వేలని ఎవడో తెచ్చిన దాన్ని ఊరేగింపుతో కేథడ్రల్‌కు తీసుకెళితే, వాసన చూసిన ఒక గురువుకు అది వెల్లుల్లి రెబ్బ అని తెలిసింది. సాలింబెనె ఈ కథను రుచిగా చెబుతాడు. ఆ రుచిలో కూలీ జనం మీద ఆయనకున్న చిన్నచూపు కూడా ఉంది.

ఆరో రోజు, అక్టోబరు 13

రెజ్జో ఎమీలియాకు రైలులో ఇరవై నిమిషాలు. పాత ఫ్రాన్సిస్కన్ మఠమే ఇప్పుడు నగర మ్యూజియం. సాలింబెనె తన చరిత్రలో చాలా భాగం 1280లలో రెజ్జోలో ఉండగా రాశాడు. పక్కన గుడి, ఎదురుగా చెట్లున్న కూడలి. కిటికీ దగ్గర నిలబడితే అక్టోబరు వెలుతురు తిన్నగా బల్ల మీద పడుతుంది.

రాసింది ఎవరి కోసం అన్నది ఆయనే చెప్పాడు: పార్మా క్లారా మఠంలో ఉన్న అన్న కూతురు ఆన్యెస్ కోసం. ఆమెకు అర్థం కావాలని అలంకారాలు వదిలి తేలిక మాటలతో రాశానన్నాడు. ఆ లాటిన్‌లో ఇటలీ వాడుక మాటలు అడుగడుగునా దొర్లుతాయి. శాస్త్రం చదివిన వాళ్లు దాన్ని చులకన చేశారు గాని, పార్మా వీధి మాట మనకు వినిపించేది ఆ చోట్లలోనే. స్వహస్తంతో రాసిన ఆ ప్రతి ఇప్పుడు వాటికన్ గ్రంథాలయంలో ఉంది. 1857లో మొదటిసారి అచ్చయింది. అచ్చు వేసింది పార్మాలోనే.

రాసే పద్ధతి ఆయనకు ఒక దెబ్బ తిన్నాక వచ్చింది. యువకుడిగా ఉన్నప్పుడు, ఫియోరె మఠాధిపతి జోవాకీం చెప్పిన భవిష్యత్తును గాఢంగా నమ్మాడు: ఫ్రెడరిక్ క్రీస్తు విరోధి, 1260లో కొత్త యుగం వస్తుంది అని. ఫ్రెడరిక్ 1250లో మామూలు మనిషిలా చనిపోయాడు. 1260 కూడా వచ్చి వెళ్లిపోయింది. ఇక కళ్లతో చూసింది తప్ప ఏదీ నమ్మనని ఆయన నిర్ణయించుకున్నాడు. ఆ తరువాత ఆ పుస్తకంలో ‘నేను చూశాను’ అన్న మాట సాక్షి సంతకంలా కనిపిస్తుంది. ప్రవాసాలూ మతకలహాలూ చూసినట్టే, 1284లో సెయింట్ క్లారా పండుగ నాడు రావియోలీ అనే కూరిన పిండివంటను పైన పిండి పొర లేకుండా మొదటిసారి తిన్నాననీ రాశాడు. మధ్యాహ్నం నేను తిన్న ఆకుకూర తోర్తెల్లీకి పొర ఉంది. పైన వెన్న, తురిమిన పార్మా జున్ను.

ఆయన తప్పులను దాచి మెచ్చుకోవడం నాకు ఇష్టం లేదు. పార్మాలోనే గెరార్దో సెగరెల్లి అనే పేదవాడు ఫ్రాన్సిస్కన్లలో చేరబోతే వాళ్లు వద్దన్నారు. అతను అపొస్తలుల బొమ్మల్లో చూసినట్టు అంగీ కప్పుకుని సొంతంగా ఒక గుంపును కూడగట్టాడు. చదువురాని పందుల కాపరులు బోధకులయ్యారని సాలింబెనె పేజీల కొద్దీ తిట్టాడు. ఆ తిట్లలో ఎక్కువ మంట పార్మా జనం తమకన్నా వాళ్లకే ఉదారంగా భిక్ష వేస్తున్నారన్నదే. 1300లో సెగరెల్లిని పార్మాలో సజీవంగా దహనం చేశారు. ఆ పేజీల పక్కన ఈ సంవత్సరాన్ని పెట్టుకుని చదవాలి.

ఏడో రోజు, అక్టోబరు 14

పొద్దున్నే బస్సులో సాన్ పోలో దెంజా చేరి, మొంతెఫాల్కోనె కొండ వైపు నడక మొదలుపెట్టాను. చివరి రోజుల్లో ఆయన ఉన్నది ఇక్కడి మఠంలో. దక్షిణంగా కొండలు కానోస్సా వైపు లేస్తాయి. పడమర కింద ఎంజా నది, వెడల్పాటి తెల్ల గులకరాళ్ల మధ్య రెండు మూడు సన్నని పాయలుగా పారుతున్నది. ఆ నది రెజ్జో సీమకూ పార్మా సీమకూ హద్దు.

ఈ వారమంతా నాతో మోసుకు తిరిగిన వాక్యం ఒకటి ఉంది. సభలో నలభై ఎనిమిదేళ్లు బతికాననీ, ఎన్నడూ పార్మాలో నివసించాలని కోరుకోలేదనీ, దైవసేవకుల మీద ఆ ఊరివాళ్లకు భక్తి తక్కువ కావడమే కారణమనీ ఆయన రాశాడు. ఇంట్లో కూర్చుని చదివినప్పుడు అది అలిగిన ముసలివాడి మాటలా అనిపించింది. ఇక్కడి నుంచి చూస్తే వేరేగా ఉంది. ఊళ్లో ఉండనన్నవాడు ఊరికి ఒక నది అవతల కూర్చున్నాడు. లియోన్ చూశాడు, జెనోవా చూశాడు, ఫెర్రారాలో ఏళ్ల తరబడి ఉన్నాడు. చివరికి పార్మాలో పెద్ద గంట పోత పోయించి తగిలిస్తే దాని మోత ఊరంతా కూడా వినబడలేదన్న కబురు చల్లారకముందే అందేంత దగ్గరికి చేరాడు. తండ్రి ఇంటికి వారసుడు కానన్నాడు. తాతల పేర్లు, మేనత్తల పేర్లు, ఎవరు ఎవరిని పెళ్లాడారో, ఎవరి ఇల్లు ఏ గోడకు ఆని ఉండేదో అన్నీ ఆ ఇంట్లో మిగిలిన ఒక్కతె, మఠంలో ఉన్న పిల్ల కోసం రాసి పెట్టాడు. తండ్రి మందిరం పునాదిలో రాళ్లు వేశానని చెప్పుకున్నట్టే ఈయన ఆ పేర్లు వేశాడని నాకనిపిస్తుంది.

చేతిప్రతి మొదటి ఆకులు పోయాయి, చివరి ఆకులూ పోయాయి. కథనం 1287 దాకా వచ్చి ఆగిపోతుంది. ఆ తరువాత కొద్ది కాలానికే ఆయన చనిపోయి ఉంటాడు.

మధ్యాహ్నం దిగి వచ్చి ఎంజా వంతెన మీదుగా అవతలికి నడిచాను. నడుమ ఆగి చూస్తే, నీళ్ల పక్క గులకరాళ్ల మీద ఇద్దరు పిల్లలు రాయి మీద రాయి పేరుస్తున్నారు. మోకాలెత్తు దాకా లేచాక పక్కకు వాలింది, మళ్లీ మొదలుపెట్టారు. వంతెన దాటాక పార్మా జిల్లా అని రాసిన బోర్డు ఉంది. నడకకు పది నిమిషాలు కూడా పట్టలేదు.